నరకానికి ఒక చుక్క

కొత్త కుండలో మొదటిసారి నీళ్లు పోసినప్పుడు వచ్చే మట్టివాసన ఇప్పుడు అరుదు. మొన్న పామిడి బస్టాండు పక్కన కుండలమ్మే ఆమె, కారుతుందేమో చూడడానికి ఒకదాంట్లో చెంబుడు నీళ్లు పోసింది. ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. మా అవ్వ గుర్తొచ్చింది, ఆమె వెనకే నరకమూ గుర్తొచ్చింది.

డెబ్బైల చివర్లో మా పేట చర్చి గోడకు ఒక రంగుల పటం ఉండేది. ఎర్రటి మంటలు, మంటల్లో చేతులెత్తిన మనుషులు, వాళ్లను చుట్టుకున్న నల్లపాము. ఆదివారం వాక్యం చెప్పే ఉపదేశి వాటిని బెత్తంతో చూపిస్తుంటే మాకు భయం వేసేది కాదు. మంటంటే మాకు శెనక్కాయలు పెరికిన చేలో కంప రాజేసి, పచ్చికాయలు కాల్చుకుని, మసి మూతులతో బెల్లంముక్క కొరుక్కునే కార్తీకపు సాయంకాలం. వేసవిలో పెన్న ఇసుకలో మేమాడే ఆటలో కూడా నరకం ఉండేది. ఓడినవాళ్లు కాలే ఇసుకలో నిలబడితే, గెలిచినవాళ్లు చెలమ తవ్వి, ఊరిన నీళ్లు దోసిట్లో తెచ్చి కాళ్ల మీద పోసి విడిపించేవాళ్లు.

అవ్వకు మాత్రం అది ఆట కాదు. మా తాత ఒక ఎండాకాలం వాంతులు, బేదులతో పోయాడు. ఆ తర్వాతే మావాళ్లంతా బాప్తిస్మం తీసుకున్నారు. క్రిస్మస్‌కు ఓళిగలు కాల్చి మొదటిది తాత పేరున పక్కన పెట్టేటప్పుడల్లా, ఆయన ఆ మంటల్లో ఉన్నాడేమోనని నలిగిపోయేది. చివరికి ఒక మధ్యాహ్నం, మా అరుగు మీద కూర్చున్న ఉపదేశిని అడిగేసింది. నేను పక్కనే కాయలు ఒలుస్తున్నాను.

ఆయన మంచివాడు, ఓదార్చాలనే చూశాడు. పామంటే పాము కాదు, మనలోని చెడుబుద్ధి అన్నాడు. మంట కూడా ఒక గుర్తేనన్నాడు.

"మంట గాదమ్మా అది. దేవునికి దూరమైనోళ్లకు తీరని దప్పిక. నాలిక తడుపుకునేకి ఒక్క చుక్క గూడా దొరకదు. దాన్నే మంటని సూపిస్తారు."

బేదులవుతుంటే నీళ్లు తాగించకూడదని అప్పట్లో ఊరంతా నమ్మేది. తాత చెయ్యి చాపిన చెంబును దూరంగా జరిపింది అవ్వే.

"దప్పికతోనే పోయినాడయ్యా ఆయప్ప," అంది. "మంటలే మేలు గదా."

ఉపదేశి తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ గుర్తులకు అర్థాలు చెప్పేవాళ్లు, వినేవాళ్ల ఇంట్లో ఏం జరిగిందో ముందు అడిగితే బాగుండేది.

మర్నాటికల్లా మా అరుగు మీద కుండ వెలిసింది. బావులెండినా, దూరం నుంచి బిందె మోసే అమ్మ ఎంత విసుక్కున్నా, దారిన పోయే గొర్రెలకాపరులకూ చీరల మూటలవాళ్లకూ అవ్వ నీళ్లిచ్చేది. మా చేతి నీళ్లు ముట్టమనే కులాలవాళ్లు కూడా ఎండ నెత్తికెక్కితే అటూ ఇటూ చూసి తాగేవారు. ఇచ్చేముందు అవ్వ వేలు ముంచి ఒక చుక్క నేల మీద వదిలేది. ఎందుకని అడిగితే, "ఆయప్ప కాడికి పోతాదేమోనని," అనేది.

ఎనభైల్లో వానల్లేని ఒక ఏడు అవ్వ మంచం పట్టింది. చివర్లో అమ్మ చెంచాతో నీళ్లు పట్టబోతే నోరు తెరవలేదు. అమ్మకు అర్థమై, అవ్వ వేలు నీళ్లలో ముంచి నేల మీద విదిల్చింది. అప్పుడు తాగింది.

ఇప్పుడు ఆ అరుగు లేదు, పెన్నలో చెలమ తవ్వడానికి ఇసుకా లేదు, పటాన్ని చెదలు తినేశాయి. నీళ్లు సీసాల్లో వస్తున్నాయి, వాటికి వాసనే లేదు. నరకాన్ని నేను నమ్మను, గుర్తుగా కూడా నమ్మను. నమ్మే ఓపిక ఎప్పుడో అయిపోయింది. అయినా ఆ కుండలామె తాగమని చెంబు అందిస్తే, నా వేలు ముందుగా నీళ్లలో మునిగింది.

"ఏమక్కా, నలుసు పడిండాదా?" అంది.

కాదు, మా తాతకని చెప్పాను.