డీసెగ్రిగేషన్‌కు అర్థం వెతుక్కుంటూ బయ్యారం దావతుకు

జనగామ స్టేషన్లో ఉదయం ఏడున్నరకు ప్యాసింజర్ ఎక్కాను. నా సంచిలో ఉన్నవి రెండే: బయ్యారంలో మిత్రుడి కొత్త ఇంటికి గోడ గడియారం, పాఠ్యపుస్తకం కోసం నేను రాస్తున్న పదకోశం. అందులో 'డీసెగ్రిగేషన్' దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. 'పృథక్కరణ నిర్మూలనం' అని రాశాను గానీ, పైకి చదివితే నాకే నాలుక మెలికపడింది.

ఎదుటి సీట్లో శాంతిబాయి టీచర్. ఆమె కూడా ఆ దావతుకే వస్తోందని కాజీపేటలో చాయ్ తాగుతుంటే తెలిసింది. బయ్యారం దగ్గరి తండా ఆమెది; నా మిత్రుడు చిన్నప్పుడు బడిలో ఆమెతో చదివాడట. నా పదం చూపించి అర్థం చెప్పాను: కులాన్నో రంగునో బట్టి మనుషుల్ని వేరుగా కూర్చోబెట్టే పద్ధతిని బడిలో, బస్సులో, హోటల్లో ఎత్తెయ్యడం. అమెరికాలో నల్లవాళ్ల విషయంలో ఎక్కువగా వాడతారని కూడా గొప్పగా చేర్చాను.

అంత దూరం ఎందుకు అందామె. వాళ్లమ్మ నా మిత్రుడి ఇంటివాళ్ల పొలంలోనే నాట్లేసేదట. అక్కడ ఏ పెళ్లయినా తండావాళ్లకు పశువుల కొట్టం వెనకే విస్తర్లు. "ఇయ్యాల నన్ను గిట్ల వేరుగ కూసోమంటే తినకుండనే లేచొస్త సార్."

మహబూబాబాద్‌లో దిగి, ఆర్టీసీ బస్సు పట్టుకుని పదకొండున్నరకు చేరాం. ఇంటి ముందు పెద్ద టెంటు, పక్కన పొయ్యిల మీద కూర గంజులు, వెనక చిన్న టెంటు. నన్ను ముందు టెంటులో కూలర్ పక్కన కూర్చోబెట్టారు. ఆమెకు మాత్రం మిత్రుడు ఎంతో మర్యాదగా దారి చూపించాడు. "మేడం, మీ తండవోళ్లంత వెనకున్నరు, ఫ్రీగ తినొచ్చు." నాకు సిగ్గేసింది. అయినా కుర్చీ వదల్లేదు.

శాంతిబాయి కోప్పడలేదు. మిత్రుడి మేనమామ దగ్గరికెళ్లి, మటన్‌లో మూలుగున్న నల్లిబొక్కలన్నీ వెనక టెంటుకే పోయాయని గుట్టుగా చెప్పింది. గుట్టుగా అంటే, నాలుగు వరుసలకు వినబడేంత. మామ చెప్పులేసుకున్నాడు. ఆయన వెనక బావమరుదులు, వాళ్ల వెనక పెళ్లాం పిల్లలు. పావుగంటలో ముందు టెంటులో కూలరూ నేనూ మిగిలాం. అప్పుడు నేనూ లేచాను.

వెనక కుర్చీలు చాల్లేదు. తండా ముసలమ్మతో ఒకే బెంచీ మీద మోకాళ్లు తగిలేలా కూర్చుని మామ బొక్క జుర్రుతున్నాడు. వాళ్లకెదురుగా శాంతిబాయి కడుపునిండా తిన్నది.

నాలుగున్నర రైల్లో పదకోశం తీసి 'కలిసి కూర్చోవడం' అని దిద్దాను. మామ మాత్రం నల్లిబొక్క కోసమే వచ్చాడని నాకు తెలియకపోలేదు. ఇంతకీ వెనక కూర నిజంగానే బాగుందా అని, తిరుగు ప్రయాణంలోనూ ఎదుటి సీట్లోనే ఉన్న శాంతిబాయిని అడిగాను.

"రెండు దిక్కులా ఒక్క గంజులకెల్లే పోసిన్రు సార్," అంది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. "కూర ఒక్కటైనప్పుడు జాగలు రెండెందుకని మా అమ్మ బతికినన్నొద్దులు అడగలేకపోయింది."