అడిగితే చెప్పిన అన్నయ్యగారు

పోయిన నెల ఒక సోమవారం బడి ఆఫీసులో ఫోను మోగితే నేనే ఎత్తాను. తెనాలి నుంచి ఎవరో ఆడగొంతు. "బుధవారం మీ బడికి రావాలని ఆయన డైరీలో రాసుకున్నారండి. రాలేరని చెబుదామని చేశాను. పొద్దున పోయారండి. గుండెనొప్పి." అంత దుఃఖంలోనూ ఆయన భార్య డైరీ పేజీలు తిప్పుకుంటూ, ఆయన వస్తానన్న చోట్లన్నిటికీ ఫోను చేస్తోంది.

రేపల్లెలో మా ఆడపిల్లల హైస్కూలుకు కంప్యూటర్లు బాగుచేయడానికి వచ్చే మనిషి ఆయన. కంపెనీ ఇచ్చిన కార్డు మీద సర్వీస్ ఇంజనీర్ అని ఉండేది. ఆయన మాత్రం "మెకానిక్‌నండి" అని చెప్పుకునేవారు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన టీచరమ్మా అనేవారు. కుర్రతనంలో రేడియోలు బాగుచేశారు, ఆ తరవాత ఆఫీసుల్లో లెక్కలు కూడే మిషన్లు, ఎనభైల్లో కంప్యూటర్లు వచ్చాక కంప్యూటర్లు. తెనాలి నుంచి మా ఊరికి పాసింజర్లో వచ్చేవారు. చేతిలో రెక్సిన్ సంచి, అందులో స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులపడానికి తలుపులకు రంగులేసే బ్రష్షు ఒకటి.

ఎక్కడికి వెళ్ళినా ముందు "దీన్ని రోజూ వాడేది ఎవరండి?" అని అడగడం ఆయన అలవాటు. పక్కన ఆఫీసరు ఎంత హడావిడి చేస్తున్నా సరే, ఆ వాడే గుమాస్తాని పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని, అప్పుడు పెట్టె విప్పేవారు.

ఆయన్ని నేను మొదటిసారి చూసింది తొంభైల మొదట్లో, మా బడి కమిటీ మీటింగులో. బడికి పది కంప్యూటర్లు కొనాలని కమిటీ ఉబలాటం. వాటికి గది కావాలి. నా సైన్సు ల్యాబు ఖాళీ చేయమన్నారు. కంపెనీ నుంచి టై కట్టుకుని వచ్చిన అమ్మకాల ఆఫీసరు, ఇక మీదట పిల్లలు ప్రయోగాలన్నీ తెర మీదే చూస్తారని చెప్తున్నాడు. కమిటీ పెద్దలు తలలూపుతున్నారు. మెషిన్ బిగించి చూపించడానికి వచ్చిన మనిషి మాత్రం ఒక మూల వైర్లు చుట్టుకుంటూ ఉన్నారు. నాకు ఒళ్ళు మండి, ఆయన వైపు తిరిగి అడిగేశాను.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయే ఈ బడిలో చదువుతుంటే, ఆ ల్యాబు తీయించేస్తారా?"

ఆయన వైరు చుట్టడం ఆపారు. ఆఫీసరు వైపు చూశారు, నా వైపు చూశారు.

"లేదండి," అన్నారు.

ఆయనే మళ్ళీ నెమ్మదిగా అందుకున్నారు. "రెండు కొనుక్కోండి, చాలు. పిల్లలు వంతులేసుకుని నేర్చుకుంటారు. ఇక్కడ కరెంటు ఎంతసేపు ఉంటుందో నాకన్నా మీకే తెలుసు. ఇవాళ కొత్తదని ఇచ్చిన మెషిన్ని నాలుగేళ్ళకి మేమే పాతదంటాం. టీచరమ్మగారి గాజు సామాను పగలకుండా ఉంటే ముప్పై ఏళ్ళు ఉంటుంది. తెర మీద యాసిడ్ చూసిన పిల్లకి చెయ్యి చురుక్కుమనదండి."

కమిటీ రెండే కొంది. నా ల్యాబు నిలిచింది. ఆ సాయంత్రం పిల్లలకి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన సంగతి ఒక్కసారైనా ఆలోచించలేదు.

మూడు నెలలకి కంప్యూటరు మొరాయిస్తే కంపెనీ నుంచి వేరే అతను వచ్చాడు. పాతాయన ఏరీ అంటే, "ఆయన్ని తీసేశారు కదండీ, మీ మీటింగు అయిన వారానికే," అన్నాడు. ఆ ఆదివారం చర్చి అయిపోగానే అడ్రసు పట్టుకుని తెనాలి వెళ్ళాను. ఇంటి ముందు గదిలో నేల మీద కూర్చుని టీవీ ఒకటి విప్పుతున్నారు.

"నా వల్లే కదండీ," అన్నాను.

"కూర్చోండమ్మా," అని లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు. అప్పుడు చెప్పారు బాపట్ల సంగతి. ఎనభైల్లో అక్కడ ఒక ఆఫీసులో కంప్యూటరు బిగించడానికి నెలరోజులు వెళ్ళారట. అక్కడ టెంపరరీ టైపిస్టులు నలుగురు, అందరూ ఆడవాళ్ళే. మధ్యాహ్నం తమ క్యారేజీల్లో కూర ఈయనకీ వడ్డించేవారు. మా ఉద్యోగాలు ఉంటాయా అన్నయ్యా అని వాళ్ళడిగితే, ఎవరికీ ఏమీ కాదని చెప్పమంది కంపెనీ. చెప్పారు. పని పూర్తయ్యాక నలుగురినీ తీసేశారు.

"వాళ్ళకి ముందే తెలిస్తే ఇంకోచోట చూసుకునేవాళ్ళు కదా టీచరమ్మా. నన్ను నమ్మి కూర్చున్నారు. మళ్ళీ ఎవరన్నా నా మొహం చూసి అడిగితే ఉన్నది చెప్పాలనుకున్నాను. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అందరూ ఆఫీసర్లనే అడుగుతారు. మీరు అడిగారు." అని కాఫీ గ్లాసు నా చేతికిచ్చారు. క్షమించమని అడగడానికి వెళ్ళినదాన్ని, ఆ మాట అనకుండానే తిరిగొచ్చాను.

అప్పటి నుంచి సొంతంగానే పని చేసుకున్నారు. మా రెండు కంప్యూటర్లనీ నెలకోసారి వచ్చి చూసేవారు. పిల్లల్ని దూరంగా నిలబెట్టేవాళ్ళం మేము. ఆయన దగ్గరికి పిలిచి, మూత తీసి, "ముట్టుకోండే, కరవదు," అనేవారు. భట్టిప్రోలు నుంచి వచ్చే పిల్ల ఒకతి ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ లాక్కుని తనే బిగిస్తుంటే, మురిసిపోతూ చూసేవారు.

మెషిన్ల మీద ఆయనకి కోపం లేదు. "అన్నం పెట్టిందమ్మా ఇది. దీన్ని మోసుకొచ్చేవాళ్ళు చెప్పే కబుర్లతోనే చిక్కు," అనేవారు. తెనాలిలో వీధికో కంప్యూటర్ సెంటర్ వెలిసిన రోజుల్లో తల్లిదండ్రులు సలహా అడిగితే, "నేర్పించండి. కానీ ఆర్నెల్లకే ఉద్యోగమని ఎవరన్నా అంటే మాత్రం నమ్మకండి. లెక్కలూ ఇంగ్లీషూ మాన్పించకండి," అని చెప్పేవారు. ఆ సెంటర్ల వాళ్ళకి ఆయనంటే గిట్టేది కాదు. రెండువేల సంవత్సరం రాగానే లోకంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయట కదా అని మొన్నీమధ్య నేను భయపడితే నవ్వారు. "సరిచేయాల్సిన పని ఉందమ్మా, చేసేవాళ్ళు చేస్తున్నారు. మిగతాదంతా కంగారు. కంగారుకీ గిరాకీ ఉంటుంది."

అన్నీ ఆయనన్నట్టే జరగలేదు. ఇంటర్నెట్ అనేది పెద్ద ఊళ్ళ సరదా, మన దాకా రాదన్నారు. ఏడాది తిరక్కుండా తెనాలిలో వచ్చింది. మరుసటి నెల మా బడికి వచ్చి, సంచి కింద పెట్టకుండానే, "ఆ మాట తప్పు చెప్పానమ్మా, పిల్లలకి చెప్పండి," అన్నారు.

ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే నాకు కృష్ణ ఒడ్డున పెనుమూడి రేవు కనిపిస్తుంది. ఒక వానాకాలం మా స్కూలు పిల్ల ఇంటికని వెళ్ళి, వాన పట్టుకుంటే రేవులో చూరు కింద నిలబడ్డాను. అవతలి ఒడ్డు నుంచి పడవ వస్తోంది. అందులో అన్నయ్యగారు. ఎవరిదో మానిటర్, దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని పట్టుకున్నట్టు రెండు మోకాళ్ళ మధ్య బిగించి కూర్చున్నారు. గొడుగు దాని మీద పట్టారు. ఆయన నెత్తి మీదా భుజాల మీదా వాన ధారగా కారుతోంది.

"బాబాయ్, గొడుగు మీరేసుకోండి, జొరం వస్తుంది," అని పడవవాడు అరుస్తున్నాడు.

"నా ఒళ్ళు ఆరుతుంది లేరా, నువ్వు నెమ్మదిగా పోనీ," అంటున్నారు ఆయన. కృష్ణ నిండుగా పారుతోంది. పడవ ఊగినప్పుడల్లా గొడుగు ఇంకొంచెం ముందుకు వంచుతున్నారు.