రెండు తోకల జంతువు పక్కన మనిషి

వెల్మా అల్లుడు రబ్బరు వ్యాపారంలో ఉన్నాడు. కల్వర్ సిటీ చర్చిలో ఆదివారం ప్రార్థన అయ్యాక కాఫీ కప్పులు పట్టుకుని నిలబడే ఆడవాళ్ళందరికీ ఆవిడ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చిన మాట ఇది. పూర్తిగా అబద్ధమని కొట్టిపారెయ్యడానికీ లేదు. ఎల్డన్ క్రెబ్స్ గోళ్ళ సందుల్లో ఎప్పుడు చూసినా రబ్బరు పాలు ఎండి ఉండేవి. కాకపోతే ఆ రబ్బరుతో అతను టైర్లు చెయ్యడు, రాక్షస జంతువుల్ని చేస్తాడు. నగరాలను తొక్కి పచ్చడి చేసే ఆ జంతువులు మోకాలెత్తు కూడా ఉండవు.

"నలభై దాటినవాడు గరాజులో తలుపేసుకుని బొమ్మలతో ఆడుకుంటాడని నలుగురిలో ఎలా చెప్పుకోనే?" అనేది వెల్మా కూతురితో. ఆవిడది పొలాలు తప్ప మరోటి కనిపించని నెబ్రాస్కా. అక్కడ మగవాడంటే సాయంత్రానికి బట్టలకు మట్టి అంటించుకుని రావాలి.

"ఆడుకోవడం కాదమ్మా, సినిమాలకు పనిచేస్తున్నాడు" అనేది ఓపల్.

"సినిమా మొదట్లో పేర్లు వేస్తారుగా, అందులో మీ ఆయన పేరేదీ? హీరోయినుకు జుట్టు దువ్వినావిడ పేరు కూడా ఉందే!"

ఆ మాట వినబడినప్పుడల్లా ఎల్డన్ కాఫీ కప్పు పట్టుకుని గరాజులోకి వెళ్ళిపోయేవాడు. మరి నిర్మాతలు పత్రికలకు చెప్పేదేమిటి? తమ జంతువు మూడంతస్తుల యంత్రమనీ, ఇంజనీర్లు రహస్యంగా తయారుచేశారనీ. వెల్మా ఆ వార్తల్ని కత్తిరించి దాచుకుని, భోజనాల బల్ల దగ్గర అల్లుడికే చదివి వినిపించేది. పేపరువాళ్ళు అబద్ధం రాయరని ఆవిడ నమ్మకం.

అతని పని ఇదీ. లోపల ఇనప కీళ్ళు, పైన రబ్బరు తోలు ఉన్న బొమ్మను బల్ల మీద నిలబెడతాడు. కాలు గోరంత జరుపుతాడు. కెమెరా మీట నొక్కి ఒక్క ఫ్రేము, అంటే ఒక్క ఫొటో, తీస్తాడు. మళ్ళీ గోరంత జరుపుతాడు. తెర మీద జంతువు ఒకసారి ఆవులించాలంటే ఇతను పొద్దున్న మొదలుపెట్టి భోజనాల వేళ దాకా నిలబడాలి. ఏ కాలు ఎంత కదిలిందో, మెడ ఎటు తిరుగుతోందో అంతా బుర్రలోనే ఉంటుంది. మధ్యలో ఎవరైనా "టైమెంతయిందండీ?" అన్నారా, జంతువు కుంటుతుంది. అందుకని పని నడుస్తున్నంతసేపూ గరాజు తలుపుకు ఎర్రగుడ్డ వేలాడుతుంది. అది ఉన్నప్పుడు ఓపల్ కూడా తలుపు తట్టదు.

ఆ ఏడు క్లైడ్ బార్‌స్టో అనే నిర్మాత రెండు తోకల జంతువుతో సినిమా తలపెట్టాడు. రెండు తోకలెందుకయ్యా అంటే, వీధి చివరి కంపెనీవాళ్ళ జంతువుకు ఒకటే ఉంది కనక. బార్‌స్టో పూర్వాశ్రమంలో పాత కార్లు అమ్మేవాడు. సినిమాల్లోకి వచ్చాక మార్చింది కోటు ఒక్కటే.

మొదట అతనికి ఎల్డన్ గుర్తుకు రాలేదు. చవగ్గా పోతుందని ఒక ఉడుమును తెచ్చి, వీపు మీద రంపంలాంటి అట్ట అతికించి, వెనక ఇంకో తోక కట్టించాడు. ఉడుముకు శిక్షకుడు. శిక్షకుడు సరిగా చూస్తున్నాడా లేదా అని చూడ్డానికి జీవకారుణ్య సంఘం నుంచి కుర్చీ, గొడుగుతో సహా ఒక ఇన్‌స్పెక్టరమ్మ. ఉడుముకు మధ్యాహ్నం విశ్రాంతి, తాగడానికి గోరువెచ్చని నీళ్ళు. పైగా శిక్షకుడి పేరు తెర మీద వెయ్యాలని ఒప్పందం. ఇన్ని మర్యాదలు జరిగాక లైట్లు వేస్తే, ఆ వేడికి సుఖం తగిలి ఉడుము అట్టపెట్టెల న్యూయార్క్ నగరం మధ్యలో పడి నిద్రపోయింది. కర్రతో కదిపితే లేచి, తన రెండో తోకను తనే కొరికేసింది. ఇన్‌స్పెక్టరమ్మ గొడుగు మడిచి లేచి నిలబడింది. షూటింగు ఆగిపోయింది.

అప్పుడొచ్చాడు బార్‌స్టో, పెట్టె నిండా డోనట్లు పట్టుకుని.

"ఎల్డన్ బాబూ, నువ్వే దిక్కు. జంతువును నడిపించు, ఊరు తొక్కించు, చివర్లో చంపెయ్. డబ్బు దగ్గర మాత్రం నన్ను ఇబ్బంది పెట్టకు, ఉడుము నన్ను ఊడ్చేసింది."

"డబ్బు మాట ఎత్తనండీ. తెర మీద నా పేరు వెయ్యండి చాలు."

బార్‌స్టో డోనట్ నములుతూ ఆగిపోయాడు. "పేరెందుకయ్యా? పేరు చూస్తే ఇది మనిషి చేసిన బొమ్మని జనానికి తెలిసిపోదూ? ఇక భయమెక్కడుంటుంది?"

"ఉడుమును ఆడించినాయన పేరు వేస్తున్నారటగా?"

బార్‌స్టో పెట్టెలోంచి ఇంకో డోనట్ తీసుకున్నాడు. చివరికి, జంతువు చావు బాగా కుదిరితే పేరు వేస్తానని చెయ్యి కలిపాడు. ఎల్డన్ ఆ సంగతి ఓపల్‌కు చెప్పాడు. ఓపల్ తల్లికి చెప్పింది. "వేసినప్పుడు చూద్దాంలే" అంది వెల్మా.

చావంటే బాంబు, పొగ, కేక అని స్క్రిప్టులో రాసి ఉంది. ఎల్డన్ అలా తియ్యలేదు. బల్ల మీది బొమ్మ రేవులో గిడ్డంగి పక్కన జంతువును పడుకోబెట్టాడు. ఒక తోక ముందే కదలడం మానేసింది. రెండోది దాన్ని వెతుక్కుంటూ మెల్లగా నేల మీద పాకింది. రొమ్ము పైకి లేస్తోంది, దిగుతోంది. ఆ ఊపిరి కోసం అతను ప్రతిసారీ బల్ల మీదికి వంగి, బొమ్మ గుండె మీద అరచెయ్యి పెట్టి కాస్త అదమాలి. వెనక్కి జరగాలి. మీట నొక్కాలి. మళ్ళీ వంగాలి. రోజంతా అలా చేస్తుంటే ఎల్డన్ ఊపిరి కూడా దానితోపాటే నెమ్మదించేది.

చివరి ఊపిరి దగ్గరికి వచ్చాడు. గుండె మీద చెయ్యి ఉంది. ఇంకో చేతిలో కెమెరా తీగకున్న మీట ఉంది. సరిగ్గా అప్పుడు బార్‌స్టో ఎర్రగుడ్డను కర్టెన్‌లా పక్కకు నెట్టి లోపలికి దూసుకొచ్చాడు.

"ఎల్డన్! నీ పేరు రాయించేశానయ్యా! టైటిల్ అట్ట మీద రంగు ఆరుతోంది, వెళ్ళి చూసుకో!"

ఎల్డన్‌కు సంతోషంతో ఒళ్ళు ఝల్లుమంది. వేళ్ళు బిగుసుకున్నాయి. మీట రెండుసార్లు టకటకమంది. ఆ చప్పుడు అతనికి వినబడలేదు.

ఫిల్ము కడిగి వేసి చూస్తే, జంతువు ఆఖరి ఊపిరి దగ్గర ఒక మనిషి ఉన్నాడు. బట్టతల, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, దాని గుండె మీద చెయ్యి. ఊరికంటే పెద్ద మనిషి. ఉన్నది రెండే రెండు ఫ్రేములు, తళుక్కుమని మాయం. ఎల్డన్‌కు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఈ పనిచేసేవాడికి ఇంతకన్నా పరువు తక్కువ తప్పు లేదు. మళ్ళీ తీద్దామా అంటే లైట్ల వేడికి రొమ్ము మీద రబ్బరు నిలువునా చిట్లిపోయింది.

"ఆ రెండూ కత్తిరించేద్దామండీ. ఊపిరి కాస్త ఎగిరినట్టు ఉంటుంది, అంతే."

"రెప్ప వేసేలోపు పోయేదాన్ని ఎవడు చూస్తాడయ్యా? ఉండనీ!" అన్నాడు బార్‌స్టో. కత్తిరించాలంటే కత్తిరించేవాళ్ళకు కూలి ఇవ్వాలి మరి.

విడుదలకు ముందు పొమోనా ఊళ్ళో జనానికి ప్రివ్యూ వేశారు. ఎవడూ చూడడనుకున్నదాన్ని హాలంతా చూసింది. జంతువు పోతుంటే ఏడ్చారు. బయటికొచ్చి వాదించుకున్నారు. "ఎవరో వచ్చారు, నువ్వు చూశావా?" "దేవుడండీ, ఇంకెవరు?" "దేవుడికి కళ్ళజోడెందుకయ్యా?" వాళ్ళ మధ్యలో చెవులు రిక్కించి తిరుగుతున్న బార్‌స్టో మొహం వెలిగిపోయింది. మర్నాడే అన్ని పత్రికల్లోనూ ప్రకటన వేయించాడు: ఎవరూ నటించని చోట కనిపించిన ఆ మనిషెవరు? సరిగ్గా చెప్పినవారికి ఫ్రిజ్ బహుమానం!

"మరి నా పేరండీ?" అన్నాడు ఎల్డన్.

"ఎలా వెయ్యనయ్యా? జనం నిన్ను దేవుడంటున్నారు, దెయ్యమంటున్నారు. దెయ్యానికి నేను వారం వారం జీతమిచ్చానని తెలిస్తే పరువు పోదూ?"

"అయితే ఆ రెండు ఫ్రేములూ తీసేసి పేరు వెయ్యండి."

"ఫ్రిజ్ కొనేశాను బాబూ" అన్నాడు బార్‌స్టో, చాలా బాధగా. ఎల్డన్ పేరున్న అట్ట మీద తెల్లరంగు పూసి, ఉడుము శిక్షకుడి పేరు రాయించారు.

సినిమా విడుదలైన శనివారం ఓపల్ భర్తనూ తల్లినీ హాలుకు లాక్కెళ్ళింది. ఎల్డన్‌కు ఇష్టం లేదు. వెల్మా మాత్రం ఫ్రిజ్ కోసం తెల్ల గ్లవ్స్ తొడుక్కుని బయల్దేరింది. పేర్లు వచ్చాయి. వెల్మా ఒక్కొక్కటీ పెదాలు కదుపుతూ చదివింది. ఆఖరి పేరు కూడా పోయాక కూతురి వైపు ఒక చూపు చూసింది, అంతే. ఎల్డన్ పాప్‌కార్న్ తెస్తానని చెప్పి లేచిపోయాడు. వరండాలో, కౌంటర్ పక్కన, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది, పని మానేసి నిజంగానే టైర్ల దుకాణంలో చేరిపోదామా అనిపించింది.

ఆట అయిపోయినా వెల్మా బయటికి రాలేదు. అక్కడ ఒక టిక్కెట్టుతో ఎన్ని ఆటలైనా చూడొచ్చు కనక రెండో ఆట కూడా చూసింది, ముందు వరసలోకి మారి, రెప్ప వెయ్యకుండా. తర్వాత తలుపు తోసుకుని వచ్చింది. వరండాలో మేనేజరు చుట్టూ ఫ్రిజ్ కోసం జనం మూగి ఉన్నారు. ఒకాయన అది బాంబు కనిపెట్టిన శాస్త్రజ్ఞుడన్నాడు. ఒకామె తనకు పళ్ళు పీకిన డాక్టరంది. వెల్మా చేతిసంచీతో దారి చేసుకుని ముందుకొచ్చింది.

"దెయ్యమూ కాదు, డాక్టరూ కాదు! అది మా అల్లుడు! పేరు ఎల్డన్ క్రెబ్స్! ఆ జంతువును చేసింది వాడే, నడిపించింది వాడే. అదిగో, పాప్‌కార్న్ దగ్గర నిలబడ్డాడు చూడండి!"

అందరూ తిరిగారు. బట్టతల ఉంది. జారిన కళ్ళజోడు ఉంది. ఎల్డన్ పేరు అంతకుముందెప్పుడూ అంతమంది ముందు అంత గట్టిగా ఎవరూ పలకలేదు, అందులోనూ అత్తగారు.

అప్పుడు గుంపులోంచి నల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ మెల్లగా ముందుకు వచ్చింది.

"మీరేనా బాబూ?" అంది. "ఫ్రిజ్ గొడవ నాకొద్దు. మా తమ్ముడు కొరియా యుద్ధంలో పోయాడు. ఒంటరిగా పోయాడన్నారు. ఆ తెర మీద చూసినప్పట్నించీ, ఆఖర్లో వాడి దగ్గరికి కూడా ఎవరో వచ్చి ఉంటారని... అలా చెయ్యి వేసి ఉంటారని... మీరేనా ఆ మనిషి?"

ఎల్డన్ రబ్బరు అంటిన వేళ్ళను కోటు జేబులో పెట్టుకున్నాడు.

"కాదమ్మా, నేను కాదు. అదెవరో నాకూ తెలియదు" అన్నాడు.

ఆవిడ తల ఊపి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ హాల్లోకి వెళ్ళింది. మేనేజరు వెల్మాను చూసి పకపకా నవ్వాడు. "పొద్దున్నుంచీ అల్లుళ్ళతో వచ్చినవాళ్ళలో మీరు ఎన్నోవారో లెక్కలేదు పెద్దమ్మా!" అన్నాడు. జనమూ నవ్వారు. పుట్టి బుద్ధెరిగాక వెల్మాను అంతమంది ఒకేసారి అబద్ధాలకోరును చెయ్యలేదు. ఆవిడ నల్ల టోపీ ఆవిడ వెళ్ళిన తలుపు వైపు ఒకసారి చూసి, గ్లవ్స్ సర్దుకుని బయటికి నడిచింది.

ముగ్గురూ బస్టాపు దాకా నడిచారు. బల్ల మీద కూర్చున్నాక వెల్మా అల్లుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా."

"చెప్పండి అత్తయ్యా."

"నేను పోయేటప్పుడు ఓపల్ ఏడుస్తూ కూర్చుంటుంది, దానివల్ల కాదు. నువ్వు వచ్చి అలాగే చెయ్యి వెయ్యి."