అక్క కూడా నవ్వింది

అన్నం తినడమంటే నాకు భయం ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బరువు తగ్గుదామని రాత్రి భోజనం మానేశాను. మెల్లగా పగలు కూడా తగ్గించాను. తరువాత ఆకలి ఆపుకోలేక ఒక్కసారిగా తినేయడం, సిగ్గుతో బాత్రూంలోకి వెళ్ళి కక్కేయడం. ఆఫీసులో వాళ్ళు క్యాంటీన్‌కి పిలిస్తే పని ఉందనేవాణ్ణి. కొన్నాళ్ళకు పిలవడమే మానేశారు. స్నేహితుల పుట్టినరోజులకు ఏదో ఒక సాకు. మధ్యాహ్నం మీటింగుల్లో ఎవరేం చెబుతున్నారో బుర్రకెక్కేది కాదు.

ఈ సంగతి మొదట తెలిసింది మా అక్కకే. చింతాద్రిపేటలో మా ఇంటి వెనక వీధిలోనే ఆమె అత్తవారిల్లు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు, నేను కక్కుతుంటే తలుపు బయట నిలబడి వింది. ఇక దాచలేక అంతా చెప్పి ఏడ్చాను.

"ఎవురికీ చెప్పనులేరా. డాక్టర్ దగ్గరికి నేనే పిలుచుకొని పోతా," అని తల నిమిరింది. ఆ పూట ఆమె ఎదురుగా కూర్చుంటే కడుపునిండా తిన్నాను.

కొద్ది రోజులకే చిన్నాన్న కూతురి పెళ్ళి చీరల కోసం అందరం టి. నగర్ వెళ్ళాం. కొనడం అయ్యాక హోటల్లో టిఫినుకి కూర్చున్నాం. నేను దోసె తుంచుతున్నాను.

"ఏం బామ్మర్దీ, తినేది ఈడ, కక్కేది ఆడా? ఊరికే దోసె దండగ కదా!" అన్నాడు బావ.

చిన్నాన్న పకపకా నవ్వాడు. "ఈ పిచ్చి ఆడపిల్లలకు కదా వచ్చేది! నీకేందిరా?" అంది పిన్ని. అందరికీ ముందే తెలుసు. అక్క అడ్డుపడుతుందని ఆమె వైపు చూశాను. అక్క కూడా నవ్వుతోంది.

చెయ్యి కడుక్కోకుండానే లేచి బయటికి వచ్చేశాను. అక్క వెనకాలే వచ్చింది.

"సుమ్మా, ఊరికే తమాషాకి అన్నార్రా. దానికింత కోపమా?"

"ఎందుకు చెప్పినావు?"

"మీ బావ గుచ్చిగుచ్చి అడిగితే చెప్పేసినా."

"సరే, చెప్పినావు. ఎందుకు నవ్వినావు?"

అక్క చీరల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

ఆ పెళ్ళికి నేను వెళ్ళలేదు. డాక్టర్ దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. ఇది జబ్బేనని, నయమవుతుందని ఆవిడ చెప్పింది. ఊరట కలిగింది. అయినా ఆ గదిలో నా పక్కనున్న ఖాళీ కుర్చీ మీదికే చూపు పోయింది. వైద్యం ఇంకా సాగుతోంది. కొన్ని రోజులు ఆఫీసు వాళ్ళతో కూర్చుని పెరుగన్నం తినగలుగుతున్నాను. కొన్ని రోజులు క్యాంటీన్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వస్తాను.

అక్క తరచూ ఫోన్ చేస్తుంది. బాగానే ఉన్నానంటాను. పిల్లల చదువులు, వాన, ట్రాఫిక్ మాట్లాడుకుంటాం. నా జబ్బు గురించి ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడను.