పెంటయ్య తాత ఆగిన చోటు

ఏలియా మాస్టారి హార్మోనియం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఖమ్మం ఖానాపురం హవేలిలో మేముండే కిరాయి ఇంటి ముందు గదిలో, కిటికీ పక్కన పెట్టాను. వాన పడ్డ రోజున దాని తిత్తి తెరిస్తే పాత తోలు వాసన వస్తుంది. ఏ మెట్టూ నొక్కకముందే లోపలి నుంచి చిన్న నిట్టూర్పు వినిపిస్తుంది. ఎక్కడో గాలి పోతోంది. బాగు చేయిస్తానని మా ఆయన అన్నాడు, నేనే వద్దన్నాను. ఆ చప్పుడు వెంటనే మాస్టారి మాట ఒకటి రావాలి. పాట మొదలుపెట్టే ముందు, బస్సు కదిలేటప్పుడు కండక్టరు అడిగినట్టు, "ఇగ పోదామా?" అనేవారు. ఎంత పెద్ద పండుగ ఆరాధన అయినా అంతే.

ఆయన బడిలో సోషల్ చెప్పేవారు, ఆదివారం మా చర్చిలో పాటలు నడిపించేవారు. నాకు గిటారు కొనమని మా నాన్నను ఒప్పించింది ఆయనే. "ఆడపిల్లకు గిటారేంది సార్?" అని నాన్న అడిగితే, "హార్మోనియం నేర్చుకుంటే నా కుర్చీకే ఎసరు పెడ్తది. గందుకే గిటారు" అన్నారు. నాన్న నవ్వాడు. నవ్వినవాడు ఇక కాదనలేడని మాస్టారికి తెలుసు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో అప్పుడప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఏన్కూరు దాటి, అడవి అంచున ఉన్న ఒక ఊరికి నన్ను స్కూటర్ మీద తీసుకెళ్ళేవారు. అక్కడ రేకుల కప్పు కింద చిన్న చర్చి. మొదటిసారి నేను వాయిస్తుండగా, చరణం మధ్యలో, ఒక మాట సగంలో అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. నా గిటారు ఒక్కటే ముందుకు వెళ్ళిపోయింది. వాళ్ళు మళ్ళీ అందుకునేసరికి నేను ఎక్కడున్నానో నాకే తెలియలేదు. ముందు వరుసలో ఉన్న ముత్తమ్మ అనే పెద్దావిడ, "గంత జల్దీ ఏంది బిడ్డా, బస్సు పోతాందా?" అంది. చర్చంతా నవ్వింది.

బయటికి వచ్చాక, "అక్కడ ఆగొద్దు గద సార్, మీరు నేర్పలేదా?" అని అడిగాను.

ఆయన స్కూటర్ స్టాండు తీయకుండానే చెప్పారు. ఆ ఊళ్ళో పాటల పుస్తకాలు లేని కాలంలో పెంటయ్య అనే ముసలాయన అందరికీ పాడి నేర్పాడు. ఆయనకు ఆయాసం. ఆ మాట దగ్గర ఊపిరి అందక ఆగేవాడు. నేర్చుకున్నవాళ్ళు ఆ ఆగడాన్ని కూడా పాటే అనుకున్నారు. ఆయన పోయినా అది పోలేదు.

"మొదట్ల నేను గూడ దిద్దిన," అన్నారు. "నా ముంగట సక్కగ పాడిన్రు. నేను స్కూటర్ ఎక్కంగనే మళ్ళ గట్లనే పాడిన్రు. అప్పుడు సమజైంది. వాళ్ళ పెంటయ్య గాడ ఉన్నడు. ఆయన్ను నేనేడికి పంపాలె?"

తర్వాత నేను హైదరాబాదులో ఒక బ్యాండులో చేరాను. బేస్ గిటారు వాయిస్తాను. మాది ప్రోగ్రెసివ్ రాక్. పాటలు పొడుగు, తాళం దారిలో మారుతుంది, ఓపిక లేనివాళ్ళు మధ్యలో లేచిపోతారు. మా ఆల్బమ్‌లోని పెద్ద పాట నేను కట్టిందే. అది మెల్లగా పెరిగి, హాలు నిండేంత చప్పుడై, ఒక్కసారి ఆగుతుంది. పెంటయ్య తాత ఆగినంత సేపు. మళ్ళీ సగంలో వదిలిన మాట దగ్గరే అందుకుంటుంది. ఆ ఆల్బమ్‌ను నలుగురికీ వినిపించడానికి యూరప్‌లో టూర్ కుదిరింది. చిన్న హాళ్ళు, ఒక వ్యాను, మేం నలుగురం. అప్పటికి మాస్టారు ఊపిరితిత్తుల జబ్బుతో ఖమ్మంలో దవాఖానాలో ఉన్నారు. వెళ్ళొస్తానని చెప్పడానికి పోతే, "ఇంకా ఈడనే ఉన్నవా?" అన్నారు.

జర్మనీలో మొదటి కచేరీ. పాట ఆగగానే జనం చప్పట్లు, ఈలలు. అయిపోయిందనుకుని కొందరు లేచారు. మేం మళ్ళీ అందుకున్నది ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. తర్వాతి ఊళ్ళోనూ అంతే.

వ్యానులో మా డ్రమ్మర్ ఇమ్రాన్, "ఎస్తేరూ, ఆ గ్యాప్ తీసేద్దాం యార్. నిన్న ఒకాయన నాకు టాటా గూడ చెప్పిండు" అన్నాడు.

అందరం నవ్వాం. కానీ వాడు చెప్పింది నిజం. తర్వాత నెదర్లాండ్స్‌లో జరిగే కచేరీని రికార్డు చేసి విడుదల చేయబోతున్నారు. ఆ గ్యాప్ ఉంచితే పాట చెడుతుంది. తీసేస్తే పెంటయ్య తాతను నా చేత్తోనే పంపించేసినట్టు. మాస్టారికి ఫోన్ చేశాను. వీడియోలో ఆయన ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది.

"చప్పట్లు కొట్టిన్రా? మంచోళ్ళే గదా."

"నవ్వకున్రి సార్. తీసెయ్యాల్నా, ఉంచాల్నా?"

"ముందు గిది చెప్పు. గాడ ఆగినప్పుడు మీరేం చేస్తున్నరు?"

"ఇమ్రాన్ మనసుల లెక్కపెడ్తడు. లెక్క అయిపోంగనే అందుకుంటం."

"పెంటయ్య లెక్కపెట్టిండా?" అని ఆయన ఆగారు. "ఆయన ఊపిరి తీసుకున్నడు బిడ్డా. మీరు బొమ్మల లెక్క నిలబడితే ఎవలకైనా పాట అయిపోయినట్టే ఉంటది. ఊపిరి తీసుకోన్రి. కనవడేటట్టు తీసుకోన్రి."

లెక్క వద్దని ఇమ్రాన్‌కు చెప్పాను. "మరి ఎప్పుడు కొట్టాలె?" అన్నాడు.

"నా భుజాలు చూడు."

నెదర్లాండ్స్‌లో ఆ చోటు వచ్చింది. నలుగురం ఒకరి వైపు ఒకరం తిరిగి గుండె నిండా ఊపిరి తీసుకున్నాం. మైకులు ఆ చప్పుడును పట్టుకున్నాయి. ఎక్కడో ఒకరు చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు. ముందు వరుసలో ఒక పెద్దావిడ భుజాలు మాతో పాటే లేవడం చూశాను. హాలంతా ఎదురుచూసింది. ఇమ్రాన్ దెబ్బ కాస్త ఆలస్యంగా పడింది. రికార్డులో దాన్ని అలాగే ఉంచాం. ఆ రాత్రే మాస్టారికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

మేం పోలండ్‌లో ఉండగా మాస్టారు పోయారు. సమాధి కార్యక్రమానికి అందుకోలేకపోయాను. ఆ రోజు కచేరీలో ఆ చోటుకు వచ్చేసరికి నాకు ఊపిరి అందలేదు. మిగతా ముగ్గురూ నా భుజాల వైపు చూస్తూ ఆగారు. నాకు అందాకే అందుకున్నారు.

తిరిగి వచ్చాక మాస్టారి భార్య హార్మోనియం నా చేతుల్లో పెట్టింది. ఆ ఆదివారమే దాన్ని తీసుకుని అడవి అంచు ఊరికి వెళ్ళాను. ముత్తమ్మ నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మాస్టారు ఫోన్‌ల చెప్పిండు. ఆ దేశమోళ్ళు గూడ మన లెక్కనే ఆగిన్రంట?"

"అవ్, ఆగిన్రు."

"తెల్లోళ్ళు?"

"తెల్లోళ్ళే."

"పెంటయ్య మామ ఉంటే ఊరంతా తిరిగి చెప్పుకునేటోడు."

నేను తిత్తి తెరిచాను. హార్మోనియం నిట్టూర్చింది. మెట్ల మీద వేళ్ళు పెట్టేలోగా చర్చిలో పెద్దా చిన్నా అందరూ ఒక్క గొంతుతో, మాస్టారి యాసలోనే, "ఇగ పోదామా?" అన్నారు.

నేను తలెత్తి వాళ్ళ వైపు చూశాను. ముత్తమ్మ వింతగా చూసింది.

"ఏందట్ల చూస్తవ్? పాట గట్లనే గదా మొదలయ్యేది."

"అవ్," అన్నాను.

పుస్తకంలో ఆ మాట లేదు. దిద్దాలని నాకు అనిపించలేదు. ఇప్పుడు కొత్త ఆల్బమ్ పనిలో ఉన్నాం. పాట ఎత్తుకునే ముందు ఇమ్రాన్ కర్రలు కొట్టి లెక్కపెట్టడం మానేశాడు. తన హైదరాబాదీ యాసలో ఆ మాటే అడుగుతాడు. మేం ఊపిరి తీసుకుంటాం.