మూడు దీపాలు, ఒక్క ఫేజు

ఎండాకాలంలో మా అర్ధవీడులో కరెంటు బిల్లు చూస్తేనే నీరసం వస్తుంది. నాలుగు కుట్టు మిషన్లు, ఒక ఫ్రిజ్జు. చీటీ డబ్బు చేతికొస్తే ఇంటిమీద సోలారు పెట్టిద్దామని నేనే పట్టుబట్టాను. తప్పు ఇన్వర్టరు కొంటే మళ్లీ చీటీ ఎత్తేదాకా రెండేళ్లు ఆగాలి. అందుకే దుకాణంలో అడిగి, బిగించుకున్నవాళ్ల దగ్గర చూసి కొందామని బయల్దేరాను.

ఆరున్నర బస్సుకు కంభం, అక్కడ మారి తొమ్మిదికి మార్కాపురం. ఆడవాళ్లకు టికెట్టు లేదు గాని కూర్చునే చోటూ లేదు. స్టాండు నుంచి దుకాణానికి ఆటో ఇరవై. "మీది సింగిల్ ఫేజా, త్రీ ఫేజా?" అన్నాడు దుకాణం ఆయన. మా ఇంట్లో ఫేజు మార్చే స్విచ్చు మీద ఎరుపు, పసుపు, నీలం మూడు దీపాలు వెలుగుతాయి. ఒక ఫేజు డల్లయితే మా అత్త స్విచ్చు తిప్పి ఇంకో ఫేజుకు మారుస్తుంది. "త్రీ ఫేజే" అన్నాను, కొంచెం గర్వంగానే. ఖరీదు ఎక్కువే చెప్పి, సాయంత్రంలోగా డబ్బు వేస్తే రేపే బిగిస్తామన్నాడు.

తాము బిగించామని ఆయన చెప్పిన ఒక మెస్సులో త్రీ ఫేజు సోలారు చూద్దామని, వచ్చిన దారినే కంభం మీదుగా గిద్దలూరు చేరేసరికి ఒంటిగంట. కాళ్లు లాగుతున్నాయి, అన్నం కూడా సయించలేదు. వంటాయన చేతులు తుడుచుకుని మీటరు దగ్గరికి తీసుకుపోయినాడు.

"పెద్ద గ్రైండరుందని మేం త్రీ ఫేజు తీసుకున్నాం. ఇదో, మీటరులోకి నాలుగు వైర్లు. మీ మీటరులోకి ఎన్ని పోతాయక్కా?"

"మాకు మూడు ఫేజులన్నా, స్విచ్చు తిప్పి మార్చుకుంటాం."

"స్విచ్చులోకి గాదు, మీటరులోకి."

ఇంటికి ఫోన్ చేశాను. మా ఆయన స్టూలెక్కి చూసి, "రెండేనే. ఒక ఫేజు, ఒక న్యూట్రలు" అన్నాడు.

"అయితే స్తంభం నుంచి మూడొచ్చినా మీ స్విచ్చు ఒకదాన్నే మీటరులోకి పంపుతాది, మీకు సింగిల్ ఫేజుదే" అన్నాడు వంటాయన. "త్రీ ఫేజుది తెచ్చుకుంటే కరెంటోళ్లు మీ మీటరుకు కలపరు. ఇంకోటక్కా, సోలారు పెట్టినాక ఆ స్విచ్చు అట్ల తిప్పుకుంట కూర్చోగూడదు, తిప్పినప్పుడల్లా ఇన్వర్టరు ఆగిపోతాది. తీసేపిచ్చుకోండి."

ఈ ఒక్క మాట కోసం నూరు కిలోమీటర్లు తిరిగానే అని నా మీద నాకే విసుగొచ్చింది. మార్కాపురానికి ఫోన్ చేసి సింగిల్ ఫేజుది చాలని చెప్పి, బస్సులో కిటికీకి తలానించి నిద్రపోయాను.

ఇంటికొచ్చేసరికి ఆరు. స్విచ్చు తీసేయాలంటే అత్త ఆ దీపాలు చూపించింది. "మరి కరెంటు డల్లయితే నేనేం తిప్పాల?" అన్నది. మూడున్నాయన్న ధైర్యంతో ఇన్నేళ్లు గడిపాం, వాడుకున్నది మాత్రం ఎప్పుడూ ఒకటే. ఇట్లాంటి పని మీద మీరూ బయల్దేరేటట్టయితే, ముందు ఫోనులో ఒక ఫోటో తీసుకోండి. మీటరుది, దీపాలది కాదు.