మా అత్త పెట్టిన సర్వర్

బేతంచెర్లలో మా అత్త పోయింది. పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుందట, అంతే. ఎవరిచేతా చేయించుకోకుండా పోవాలనేది, అలాగే పోయింది. ఏడుపొచ్చింది కానీ, ఇష్టమొచ్చినట్టు నిండుగా బతికి వెళ్లిందన్న తృప్తే నాకు ఎక్కువ.

బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక ఆమెకు కంప్యూటర్ పిచ్చి పట్టింది. బండల పాలిష్ ఫ్యాక్టరీవాళ్లు పారేయబోతున్న పాత కంప్యూటర్ పెట్టెను అడిగి తెచ్చుకుంది. లోపలంతా తెల్లటి రాతిపొడి. పెయింట్ బ్రష్షుతో దులిపి, పాత పెట్టెల మీద కూడా నడిచే లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించింది. చర్చి పాటల పుస్తకంలో అక్షరాలు ఆనని ముసలమ్మలకు అవే పాటలు ఫోన్లో పెద్దగా కనిపించాలి, నెట్ లేని ఫోన్లలో కూడా రావాలి. అదీ ఆమె పట్టుదల.

"వెబ్ సర్వర్ అంటే ఏందత్తా?" అని అడిగాను.

"అడిగినోళ్లకు అడిగిన కాయితం తీసిచ్చే మనిషి అనుకో పాపా. ఈ ముసలి పెట్టె శానా మోయలేదు. అందుకే తక్కువ తినే మనిషిని పెడతాండా."

అలా ఒక తేలికపాటి సర్వర్ ఎక్కించి, పాటలన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి, చర్చి వైఫైకి తగిలించింది. సర్వర్‌తో పాటే వచ్చి మొదట కనిపించే ఇంగ్లీషు పేజీ తీసేసి తన మాట రాసింది: "పని చేస్తాండా. నువ్వు బాగుండావా?"

మరుసటి ఆదివారం పేజీ రాలేదు. చర్చి తాళాలు చూసే పెద్దాయనకు ఆరాధన అయిపోగానే కరెంటు మెయిన్ దించేయడం అలవాటు. మళ్లీ ఎత్తినా, ఎవరో ఒకరు బటన్ నొక్కితే తప్ప పెట్టె లేవదు.

"దించొద్దు తాతా" అన్నాను.

"దించకుంటే ఎట్లమ్మా, పిడుగు పడితే? మా నాయన కాలం నుంచి దించుతాండాం."

నేను గొడవకు దిగబోతే అత్త నవ్వింది. "ఆ యప్పను మార్చేదానికన్నా పెట్టెను మార్చేది సులువు పాపా." కరెంటు రాగానే పెట్టె దానంతటదే లేచేటట్టు, అది లేవగానే సర్వర్ మొదలయ్యేటట్టు చేసింది. మెయిన్ దించి, ఎత్తి చూసి, "ఇంక ఈడ నాతో పనిలేదు" అంది. ఆ మాట అప్పుడు మామూలుగానే విన్నాను.

అత్త పోయాక ఆమె కోసం చర్చిలో ప్రార్థనకు పెట్టిన ఆదరణ కూడిక రోజు నాకు ఒకటే బెంగ. సమాధి చేసినప్పటి నుంచి మెయిన్ దించే ఉంది. పెట్టె లేవకపోతే బాగుచేయడం నాకు రాదు. ఆమెకిష్టమైన పాటప్పుడు ఆ ముసలమ్మలంతా నోరు మూసుకుని కూర్చోవాలి. పెద్దాయన మెయిన్ ఎత్తాడు. ఫ్యాన్లు తిరిగాయి. దుమ్ము పడకుండా అత్త కప్పిన పాత చీర ముక్క కింద పచ్చ దీపం వెలిగింది.

ముందు వరుసలో ఒక ముసలమ్మ ఫోన్ దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివింది. నా వైపు తిరిగి, "మీ అత్త అడుగుతాండాది. జవాబు రాసేదానికి చోటే పెట్టలేదే" అంది.

తర్వాత ఫోన్ను నోటి దగ్గరకు తెచ్చుకుని, "బాగుండామమ్మా" అని చెప్పి, పాట కోసం వేలితో నొక్కింది.